ఆటల పెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

కార్డు చూడవలదు కండ్లార ముందుగా
తెరను చూచి పిదప తీర్చు లెక్క
పెట్టె యడుగు నినుప పెట్టెయే ప్రాణంబు
దుమ్ము దులుపువాడె దొరగ నిలుచు

అవతారిక

విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని ముందు చెప్పి గాని గ్రంథంలోకి ప్రవేశించరాదన్నది శాస్త్ర మర్యాద. ఈ ఆటవెలదికి విషయం విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకొనే గేమింగ్ కంప్యూటరు; ప్రయోజనం ఆట నత్తి కొట్టకుండా సాగడం; సంబంధం తండ్రి జేబుకూ కొడుకు కోరికకూ నడుమ ఉన్నది; అధికారి, అంటే ఈ విద్యకు అర్హుడు, ఇంటర్ పరీక్షలు ముగిసి, చేతిలో కొటేషన్ కాగితం పట్టుకొని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బజార్లలో తిరిగే బాలుడు.

ప్రతిపదార్థం

కార్డు = ఆటలోని దృశ్యాలను క్షణక్షణం లెక్కగట్టి తెరకు పంపే గ్రాఫిక్స్ కార్డును; ముందుగా = తక్కిన భాగాల కంటె ముందు; కండ్లార = ఆశతీర; చూడవలదు = చూడరాదు; తెరను = మానిటరును; చూచి = దాని లక్షణాలెరిగి; పిదప = అటుపిమ్మట; లెక్క = ఖర్చును; తీర్చు = కుదుర్చుము; పెట్టె అడుగున్ = క్యాబినెట్ అడుగున ఉండునట్టి; ఇనుప పెట్టెయే = భాగాలకు కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్సే; ప్రాణంబు = జీవము; దుమ్ము దులుపువాడె = ధూళిని తొలగించువాడే; దొరగ = ఆటయందు ప్రభువుగా; నిలుచు = నిలబడును.

తాత్పర్యం

కార్డును చూసి మురిసిపోక, ముందు మానిటరును బట్టి ఖర్చు నిర్ణయించుకొని, ఎస్‌ఎంపీఎస్ విషయంలో లోభించక, కొన్న తరువాత శుభ్రంగా ఉంచుకొనేవాడే ఆటలో నెగ్గుతాడని భావం.

వ్యాఖ్య

పద్యం నిషేధంతో మొదలు కావడం కొందరికి అపశకునంగా తోచవచ్చు గాని, కొటేషన్‌లో అన్నిటికంటె ఖరీదైనదీ, రంగుల లైట్లతో మెరిసేదీ కార్డే గనుక, బాలుని చూపు అక్కడ చిక్కుకుంటే మిగిలిన డబ్బు మిగిలిన భాగాలకు చాలదన్న ఎరుకతోనే కవి ఆ పని చేశాడు. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలున్న మానిటరు ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో నిశ్చల చిత్రానికి, సుమారు 20.7 లక్షల చుక్కలను అడుగుతుంది; 4కె మానిటరు దానికి సరిగా నాలుగింతలు అడుగుతుంది. సెకనుకు 60 సార్లు మాత్రమే మారే తెర ముందు 144 ఫ్రేములు తీయగల కార్డును పెడితే, చూసేవానికి కనబడేవి 60 మాత్రమే. కనుక తెర తెలియనిదే కార్డు తెలియదని సిద్ధాంతం. "తెరను చూచి" అన్న మాటకు బిగింపు వేళ మరొక ప్రయోజనం కూడా ఉంది: మానిటరు కేబులును పైనున్న మదర్‌బోర్డు రంధ్రంలో కాక, దిగువన అడ్డంగా ఉన్న కార్డు రంధ్రంలోనే గుచ్చాలి. పేరు చివర "ఎఫ్" ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో చిత్రాలు గీసే భాగం పనిచేయదు గనుక, కేబులు పైన గుచ్చినవానికి నల్లని తెర తప్ప మరేమీ దర్శనమివ్వదు.

ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్‌ల ప్రసక్తి పద్యంలో లేదేమని పూర్వపక్షం. అవి అధ్యాహార్యాలు, అనగా చదువరి తానే పూరించుకోవలసినవి. పైగా వాటి పొత్తును సాకెట్, అంటే ప్రాసెసరు కూర్చునే గూడు, ముందే నిర్ణయించి పెట్టింది. రైజెన్ 5 5600 ఏఎం4 గూటిది, దానికి డీడీఆర్4 ర్యామ్ కావాలి. 2022లో వచ్చిన ఏఎం5 గూడు డీడీఆర్5ను తప్ప మరొకదాన్ని ఒప్పుకోదు. ఈ రెండు ర్యాములకూ గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది గనుక బలవంతం చేసినా ఎక్కవు.

మూడవ పాదమే పద్యానికి ఆయువుపట్టు. "ఇనుప పెట్టె" అంటే నగలూ నోట్లూ దాచే పెట్టె అనీ, అది తెరుచుకోనిదే కంప్యూటరుకు ప్రాణం రాదనీ మిర్యాలగూడ వ్యాపారుల ఇండ్లలో ఒక వ్యాఖ్యానం పుట్టడానికి అవకాశముంది. లోకానుభవం దాన్ని బలపరుస్తున్నా, "పెట్టె యడుగు" అన్న విశేషణం అన్వయించదు గనుక దాన్ని విడిచిపెట్టక తప్పదు. ఇక్కడ విధించినది గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12 వోల్టులకూ అంతకు లోపలికీ దించి భాగాలకు పంచే ఎస్‌ఎంపీఎస్‌ను. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాన్ని చేతిలోకి తీసుకొని, పక్కన అంటించిన చీటీని చదవాలి. పెద్ద అక్షరాలతో 450 వాట్స్ అని ఉండి, కింద చిన్న గడిలో 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు అని మాత్రమే ఉంటే, రెంటినీ హెచ్చవేయగా వచ్చేది 216 వాట్లే. కార్డూ ప్రాసెసరూ తాగేది ఆ 12 వోల్టుల ధార నుంచే. ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకు 115 వాట్లు, పైన చెప్పిన ప్రాసెసరుకు 65 వాట్లు లెక్కగట్టితే 180 అయినవి. ఇక ఫ్యాన్లు, బోర్డు, ఆట మధ్యలో క్షణకాలం ఎగిసిపడే వాడకం ఎక్కడ నిలవాలి? ఆ కార్డు తయారీదారు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని చెప్పడం ఊరకే కాదు. "80 ప్లస్" ముద్ర కరెంటు వృథా తక్కువని చెబుతుందే గాని సర్వగుణాలకూ పూచీ పడదు. అయినా ముద్ర లేనిదానికంటె ఉన్నది మేలు.

యూపీఎస్ కూడా ఈ పాదం కిందికే వస్తుంది. 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్ల ప్రాంతంలోనే మోస్తుంది. ఆటాడుతుండగా కరెంటు పోతే అది ఇచ్చే వ్యవధి ఆటను సేవ్ చేసి యంత్రాన్ని ఆపడానికే తప్ప గెలవడానికి కాదు.

ఎక్కడ కొనాలన్నది దేశనిర్ణయం. కవి దాన్ని "లెక్క" అన్న మాటలో ఇమిడ్చాడు. హైదరాబాద్, విజయవాడ రహదారిపై సూర్యాపేటవారికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటరు బజారు వైపు చూపు, సరిహద్దు పక్కనున్న కోదాడవారికి విజయవాడ దగ్గర. జీఎస్టీ రెండు చోట్లా 18 శాతమే గనుక, సరిహద్దు దాటినందువల్ల పన్ను తగ్గుతుందన్న వాదం నిలవదు. నగరంలో రెండు వేలు తగ్గిందని సంతోషించి బిల్లు లేకుండా కొన్నవాడు, ర్యామ్ పాడైన నాడు బస్సు చార్జీతో పాటు వారంటీని కూడా పోగొట్టుకుంటాడు. ఊళ్ళోని దుకాణదారు కాస్త ఎక్కువ తీసుకున్నా, బిల్లు మీద సీరియల్ నంబర్లు రాసి ఇచ్చేవాడైతే అతనివద్ద కొనడమే యుక్తం.

నాలుగవ పాదం వేసవికి సంబంధించినది. ఏ ఫ్యానైనా గది గాలికంటె చల్లగా ప్రాసెసరును ఉంచలేదు. బయట ఎండ 45 డిగ్రీలను తాకే రోజుల్లో దుమ్ము పేరుకొన్న హీట్‌సింక్, అంటే వేడిని గాలికి అప్పగించే లోహపు రేకుల కూర్పు, చేతులెత్తేస్తే, ప్రాసెసరు తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. కాబట్టి ముందు భాగం మూసిన అద్దాల క్యాబినెట్‌కంటె జాలీ ఉన్నదే ఈ మూడు ఊళ్ళకూ తగినది. బ్లోయరుతో దులిపేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకుంటే అది మితిమీరి తిరిగి పాడవుతుంది.

ఇక్కడ ఒక పాఠాంతరం. యాసంగి వడ్లు మిల్లులకు చేరే రోజులూ ఎండలూ ఒకేసారి వస్తాయి గనుక, మిర్యాలగూడ పాఠం "ఊక దులుపువాడె దొరగ నిలుచు" అని ఉండాలని కొందరు పట్టుబట్టవచ్చు. వస్తుస్థితికి అది దగ్గరే, గణాలూ సరిపోతాయి. కాని "ఊ"కూ "దొ"కూ యతి మైత్రి లేదు గనుక ఆ పాఠం అగ్రాహ్యం. ఊకనూ తవుడునూ దుమ్ములోనే చేర్చుకొని అర్థం చెప్పుకోవాలి.