గిటారు విక్రయ పద్యమునకు సటీకా తాత్పర్యము

అవతారిక

కాళంగి యొడ్డున వెలసిన చెంగాళమ్మ పరమేశ్వరికి మ్రొక్కి, సూళ్లూరుపేట రైలుస్టేషనుకు పోవు త్రోవలో ఒకానొక మోటారు వైండింగు దుకాణపు గోడకు మైదాపిండి జిగురుతో అంటింపబడియున్న యీ క్రింది ఆటవెలదికి, ఇంతవరకు నెవ్వరును వ్యాఖ్య వ్రాసినట్లు కానరామింజేసి, మేము పూనుకొనుచున్నాము.

మూడు చుట్లు గల్గి మోటుపలకమీఁద
నాఱు తీగ లమర హాయి మ్రోగు;
గుఱ్ఱుమనుట దాని గుణమగు దోషంబు;
బేరమాడరాదు పేటవారు!

కవి యెవ్వరో తెలియదు. పద్యము క్రింద పేరునకు బదులు పది అంకెల ఫోను సంఖ్య యొక్కటి మాత్రము కలదు. దానిని ఇట నుదహరింపము. శకటరేఫమును రెండు తావుల శుద్ధముగా వాడియుండుటచే నతడు తెలుగు పండితుడై యుండునని కొందరును, ఎలక్ట్రిక్ గిటారు నమ్ముచుండుటచే కాజాలడని కొందరును వాదింతురు. పండితులు గిటారు కొనరాదని యే ధర్మశాస్త్రమునందును లేదు గనుక మొదటి పక్షమే మాకు సమ్మతము. కాలనిర్ణయ మింతకంటె కష్టము. ఈ పేట 2022 ఏప్రిల్ 4వ తేదికి ముందు నెల్లూరు జిల్లాలోను, ఆ నాటినుండి తిరుపతి జిల్లాలోను ఉన్నది; కవి జిల్లా పేరు చెప్పియుండిన ఏదో యొక ఆధారము చిక్కెడిది, చెప్పలేదు.

మెదకుసీమలోని కొల్చారమువాడైన మల్లినాథసూరి, మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిన పట్టి కాళిదాసాదులకు వ్యాఖ్యలు వ్రాసెను. గిటారు సంగతులు మాటలాడుటకు కూర్చున్నవాని కట్టి ప్రతిన చెల్లదు గనుక మేము పట్టలేదు.

టీక

మూడు చుట్లు గల్గి = మూడు సింగిల్ కాయిల్ పికప్పులు కలదియై; మోటుపలకమీఁదన్ = లోపల బోలు లేని కొయ్యపలకపై; ఆఱు తీగలు = ఆరు ఉక్కుతీగలు; అమరన్ = పొందికగా బిగింపబడియుండగా; హాయి మ్రోగున్ = హాయిగా మ్రోగును; గుఱ్ఱుమనుట = ఎవ్వరును వాయింపకున్నను తనంతట తాను గుర్రుమని శబ్దించుట; దాని = ఆ గిటారుయొక్క; గుణమగు దోషంబు = దోషమే యయ్యు గుణముగా నెన్నబడునది; పేటవారు = ఓ పేట నివాసులారా; బేరమాడరాదు = చెప్పిన ధరకే కొనవలయును.

తాత్పర్యము

పాత తరహా గిటారొకటి అమ్మకమునకున్నది.

విశేషములు

మూడు చుట్లు అనగా ముమ్మారు చుట్టినదని సామాన్యులు భ్రమపడుదురు. అల్యూమినియము, నికెలు, కోబాల్టులను ఇనుముతో కలిపి పోసిన ఆల్నికో యనెడు లోహపు కడ్డీలను, తీగకొకటి చొప్పున ఆరింటిని నిలువున నిలిపి, వాని చుట్టును ఇంచుమించు 0.06 మిల్లీమీటరు మందముగల ఎనామెలు పూత రాగితీగను ఎనిమిది వేలకు అటునిటుగా చుట్టినచో నది యొక్క చుట్ట యగును. అట్టివి మూడని కవి హృదయము. పైనున్న ఉక్కుతీగ కంపించినంతనే అయస్కాంత క్షేత్రము కదలును, ఆ కదలికచే చుట్టలో విద్యుత్తు పుట్టును, ఆంప్లిఫయరు దానిని పెంచి శబ్దముగా మార్చును. తీగకును చుట్టకును నడుమ స్పర్శ యెంతమాత్రమును లేదు. పద్యమును గోడపై మోయుచున్న దుకాణములో సేద్యపు మోటార్లకు చుట్టుచుండు తీగ దీనియెదుట మోకువంటిది గనుక, చుట్ట తెగినచో నచ్చటనే మరల చుట్టించుకొనవచ్చునని యెవ్వరును తలపరాదు. కాలిఫోర్నియాలోని ఫెండరు కర్మాగారమున యంత్రము త్రిప్పుచుండ తీగను చేతితో నడిపించుచు చుట్టినవారిలో అబిగేల్ ఇబారా యను నామె 1956లో పనిలో చేరి 2013 వరకు ఆ విద్యయందే పేరుగాంచెను. చేతిచుట్టు సమముగా నుండదు, ఆ యసమత యందే మాధుర్యమున్నదని సేకర్తలు నమ్ముదురు, ఆమె చుట్టిన చుట్టలకై పోటీపడుదురు.

ఇక మూడు అను సంఖ్యచే కవి వాద్యజాతిని సూచించినాడు. లియో ఫెండరు (1909-1991) రేడియోలు బాగుచేయువాడు, గిటారు వాయింపనేరడు. అట్టివాడు 1950లో బ్రాడ్‌కాస్టరును వెలువరించి, ఆ పేరు వేరొక సంస్థవారి డోళ్లకు ముందే యుండుటచే 1951లో దానినే టెలికాస్టరు అనెను. దానికి చుట్టలు రెండే. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టరునకు మూడు. కావున పద్యవస్తువు స్ట్రాటోకాస్టరో, తదాకారమో అని తేలుచున్నది.

"మోటుపలక" అను చోట బస్‌స్టాండు వద్ద అంటించిన ప్రతిలో "ముదుకపలక" అని, అనగా పాతపలక యని, పాఠాంతరము కలదు. యతిగణములు రెండింటను సరిపోవును గాని అర్థమున చాల భేదమున్నది. మొదటి పాఠమునకు చరిత్ర సాక్ష్యము: బోలుగల గిటారులకు అలవాటుపడిన వర్తకులు ఫెండరు తొలి గిటారును చూచి పడవ తెడ్డని పరిహసించిరి. పులికాటు సరస్సున తెడ్డు వేయువారికి అది నింద కాదు, వేరు సంగతి. రెండవ పాఠమును ఆదరించువారు సేకర్తలు. వీరిలో మరల రెండు శాఖలు. లియో ఫెండరు తన సంస్థను సి.బి.యస్. వారికి అమ్మివేసిన 1965కు పూర్వపువి మాత్రమే శ్రుతివాక్యములనియు, తరువాతివన్నియు స్మృతులనియు మొదటి శాఖవారు చెప్పుదురు, వారికి ధనముండవలయును. ధనము లేని రెండవ శాఖవారు, పాతవాని కొలతలు తీసి క్రొత్తగా చేసినవానిని కొందురు. 1982లో ఫెండరువారే 1957, 1962 నాటి నమూనాలను మరల చేయ మొదలిడిరి. 1995నాటికి క్రొత్త గిటారును కర్మాగారముననే గీకి, రంగు వెలయించి, ఇనుపముక్కలకు త్రుప్పు పట్టించి, రెలిక్ అను పేర హెచ్చు ధరకు అమ్మసాగిరి. సూళ్లూరుపేటలో ఉప్పుగాలి యీ పనిని ఖర్చు లేకుండ చేసిపెట్టును: తుడిచి సంచిలో పెట్టని గిటారు తీగలు అచిరకాలముననే గరుకెక్కును, స్క్రూల తలలు ఎఱ్ఱబారును. మన కవి యమ్ముచున్నది రెండవ శాఖదేయని మా యూహ. 1954నాటిదే యైనచో దానికి గోడయు జిగురును గాక, వేలమువేయు సంస్థ కావలసియుండును.

"హాయి మ్రోగున్" అనుచోట ఆక్షేపింతురు: పలకకు బోలు లేదు, వీణకు గుమ్మడి యున్నది, దీనికి హాయి యెచ్చటిదని. సమాధానము పాలకొల్లున దొరకును. అచ్చట 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యున్మండోలినుపై గమకములు పలికించి, మొదట పెదవి విరిచిన సభలచేతనే కచ్చేరీలు పెట్టించుకొనెను. 2014లో నలువదియైదేండ్లకే పోయెను. త్యాగరాజ కీర్తన బోలులేని కొయ్యమీద నిలుచునా యను సందేహము నాతడు మిగులనీయలేదు. ఫెండరువారును 1956లో నాలుగు తీగలు, ఒకే చుట్ట గల మండోలినొకటి చేసిరి. లక్నోలో పుట్టిన గాయకుడు క్లిఫ్ రిచర్డు 1959లో అమెరికానుండి ఎఱ్ఱని స్ట్రాటోకాస్టరును తెప్పించి తన సహవాద్యగాడైన హ్యాంక్ మార్విన్ చేతికిచ్చెననియు, దానితో ఇంగ్లండు పిల్లకాయలందరికి ఆ పిచ్చి పట్టెననియు ఇతిహాసము. ఆ యెరుపు కారులకు పూయు రంగు.

ఇక మూడవ పాదము. ఇది పద్యమునకు ప్రాణము. పికప్పునకు చుట్ట యొక్కటియే యగుటచే నది ఉక్కుతీగ కదలికతోపాటు గదిలోని ట్యూబులైటు చోకును, ఫ్యాను రెగ్యులేటరును, గోడలోని వైర్లును వెదజల్లు క్షేత్రమును సైతము గ్రహించి గుర్రుమనును. పూర్వపక్షి యిట్లనును: గిబ్సను సంస్థలో సేత్ లవర్ 1955లోనే రెండు చుట్టలను ఎదురెదురు దిశల చుట్టి, అయస్కాంత ధ్రువములను తారుమారు చేసి జతగూర్చి, బయటినుండి వచ్చు గుర్రు తనలో తాను రద్దగునట్లును, తీగ నాదము కూడుకొనునట్లును హంబకరును నిర్మించియుండ, దోషమును డబ్బిచ్చి కొనుట యేల? సిద్ధాంతము: ఆ జంట చుట్టలు గుర్రుతోపాటు పై స్థాయిలోని తళుకును కూడ కొంత మ్రింగివేయును. ఒంటి చుట్టలోని ఆ గాజు గలగల కావలసినవాడు గుర్రును భరింపవలసినదే. రోగమును తీసివేసిన రోగియు మారిపోవు సందర్భములలో నిది యొకటి. ఇటీవలివారు నడిమి చుట్టను తిరగవేసి, చుట్టల నెంచుకొను మీటను రెండు చుట్టల నడుమ నిలిపినపుడు గుర్రు పోవు నేర్పు చేసిరి. కాని మీటకు 1977 వరకు మూడు తావులే యుండుటచే, పాత వాద్యగాండ్రు దానిని నడుమ ఒడుపుగా ఆనించి వాయించెడివారు, గుర్రును వినెడివారు. శుద్ధ సంప్రదాయవాదులు క్రొత్త గిటారునందును నడిమి చుట్టను తిరగవేయనీయరు.

ఇందొక దేశవిశేషము కలదు. దీనిని పూర్వవ్యాఖ్యాతలు గుర్తింపలేదు, పూర్వవ్యాఖ్యాతలు లేకపోవుటయే కారణము. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు. పాశ్చాత్యుల జి స్వరము దిగువ స్థాయిలో 49 ఆవృత్తులు. మన గాయనీమణుల అయిదు శ్రుతికి అది రెండు స్థాయిలు క్రింద. కాబట్టి సూళ్లూరుపేటలో గిటారు గుర్రు అయిదు శ్రుతికి రవ్వంత హెచ్చుగా, తంబూర వేసినట్లుండును. తీగలను ఆ మేరకు బిగించుకొనినచో గుర్రును పాటలో కలుపుకొనవచ్చును. ఫెండరు పుట్టిన అమెరికాలో ఆవృత్తులు 60. అది బి ఫ్లాటునకును బికిని సరిగా నడుమ పడి యే స్వరమునకును చెందదు. వాద్యము వారిదైనను శ్రుతి మనది.

గుర్రునకు దిక్కు కూడ కలదు. గిటారు భుజమున వ్రేలాడుచుండగా ఆంప్లిఫయరు ముందు నిలిచి మెల్లగా తిరిగినచో, ఒక మూలకు మొగమైనపుడు మోత పెరుగును, దానికి పావు చుట్టు దూరమున దాదాపు అణగిపోవును. చుట్ట ఆ క్షేత్రమునకు అడ్డముగా నున్నదా, వాలుగా నున్నదా యనుటను బట్టి యిది జరుగును. అందుచేత పేటలోని వాద్యగాడు స్టూలును జరుపుకొని, కిటికీకి వీపు పెట్టి, గోడ మూలను చూచుచు వాయించుచున్నచో నతనికి సభాకంపమని తలపరాదు. తీగలపై చేయి వేసినపుడు మోత కొంత తగ్గుట వేరొక సంగతి: వంతెనకు లోపలినుండి ఎర్తు వైరు కలుపబడియుండును. ఇంటిలో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గొయ్యి యెండిపోయినచో గిటారు చెప్పును. రెండు బిందెల నీళ్లు పోసి చూడవలయును.

శ్రీహరికోటలో రాకెట్టు లేచునపుడు గుర్రు హెచ్చునా యని మమ్ము కొందరడిగిరి. విద్యుత్తు చేత హెచ్చదు. మైనము సరిగా పట్టని చుట్టలు మాత్రము మైక్రోఫోనువలె చుట్టుపట్ల శబ్దమును గ్రహింపగలవు గనుక, ఉఱుము వినవచ్చు రాత్రి పరీక్షించువారు పరీక్షింతురు గాక.

"బేరమాడరాదు పేటవారు": ఇందలి నిషేధ మెవ్వరికి? పేటవారనగా సూళ్లూరుపేటవారని రూఢి. కాని పొరుగున నాయుడుపేట కలదు. ఆ యూరివారును పేటవారే యగుటచే వారికిని నిషేధము తగులునని కొందరు. పద్యము సూళ్లూరుపేట గోడమీద నున్నది గనుక సన్నిధిచే అర్థము సంకోచించి వారిని విడిచిపెట్టునని మా నిర్ణయము. సబర్బన్ రైలెక్కి చెన్నపట్టణము పోయి, మౌంటురోడ్డున 1842లో పుట్టిన మ్యూజీ మ్యూజికల్ వంటి దుకాణములలో ధరలు విచారించి వచ్చిన పేటవాడు, ఆ ధర చెప్పినంత మాత్రమున బేరమాడినట్లగునా యనునది సూక్ష్మ ధర్మము. సమాచార మిచ్చుట బేరము కాదు, ఇచ్చి ఊరకుండవలయును. తడవారును గూడూరువారును ఏ పేటకును చెందరు గనుక నిస్సంశయముగా బేరమాడవచ్చును. వారికి మేము చెప్పునది యొక్కటే: పద్యమున చుట్లు, పలక, తీగలు, గుర్రు అన్నియు లెక్కకు వచ్చినవి గాని ఆంప్లిఫయరు మాట యెచ్చటను లేదు, ఆ మాట ముందుగా నడిగి, దానిని తీగతో సహా కలిపి యిమ్మని పట్టుపట్టవలయును.