తాళంచెవి కూడా కాపీయే

పెద్ద కంపెనీలు మన బతుకుల్ని అమ్ముకుంటున్నాయని వాపోయి, సొంతంగా మాస్టొడాన్ అనే సోషల్ నెట్‌వర్క్ సర్వర్ పెట్టుకునే స్వేచ్ఛాజీవులకు ముందుగా ఒక దండం. డొమైన్ కొంటారు, నెలకింతని అద్దె కట్టి సర్వర్ తీసుకుంటారు, డాకర్ కంపోజ్ ఫైలు ఒకటి ఎక్కడి నుంచో దించుకుంటారు. అందులో సీక్రెట్ కీ ఉండాల్సిన చోట, ఆ ఫైలు రాసిన పుణ్యాత్ముడు నమూనాకని పెట్టిన అక్షరాలుంటాయి. మనవాడు వాటిని ముట్టుకోడు. కంటెయినర్లు లేచాయి, లాగిన్ పేజీ వచ్చింది, ఇంకేం కావాలి? తన డేటా పరాయివాడి చేతికి చిక్కకూడదని ఇంత పాటుపడ్డ మనిషి, తాళంచెవి మాత్రం ఊరందరి దగ్గరా ఉన్నదే తెచ్చుకున్నాడు.

ఇదేదో ఊహించుకుని వెక్కిరించడం కాదు. డేటా విశ్లేషణకు వాడే అపాచీ సూపర్‌సెట్ సంగతే చూడండి. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న 3,000కు పైగా సూపర్‌సెట్ సర్వర్లను పరిశీలిస్తే, దాదాపు మూడింట రెండొంతులు అందరికీ తెలిసిన కీలతోనే నడుస్తున్నాయని 2023లో హొరైజన్ త్రీ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. ఆ కీలలో ఒకటి డాకర్ కంపోజ్ ఫైలులోనిదే. ఇంకొకటి ‘చేంజ్ మీ’ అనే మొదలవుతుంది. నన్ను మార్చు నాయనా అని కీయే నోరు తెరిచి మొరపెట్టుకున్నా ఆలకించిన నాథుడు లేడు. కీ తెలిసినవాడికి పాస్‌వర్డ్‌తో పనేముంది? ఒకటో నంబరు యూజర్ని నేనేనని కుకీ తయారుచేసి, ఆ కీతో సంతకం పెడితే చాలు. అడ్మిన్ గారూ దయచేయండి అంటుంది సర్వర్.

‘మాది పదిమంది వాడే చిన్న సర్వర్, మా జోలికి ఎవరొస్తారు?’ అంటారు. రావడానికి ఎవరూ పనిగట్టుకోరు. ఇంటర్నెట్టంతా జల్లెడపట్టే స్క్రిప్టుకు మీ సర్వర్లో ఎందరున్నారో అక్కర్లేదు. ‘నమూనా రాసినవాళ్లదే తప్పు’ అన్న వాదనలో మాత్రం పస ఉంది. పనిచేసే నమూనా కీ పెట్టడమంటే ఉచ్చు పన్నడమే. అది గ్రహించే సూపర్‌సెట్ 2.1 నుంచి, డిఫాల్ట్ కీ కనబడితే లేవనని మొండికేస్తోంది. మాస్టొడాన్ తన నమూనా ఫైలులో ఆ గడిని ఖాళీగానే వదిలింది, 4.3 వచ్చాక ఎన్‌క్రిప్షన్ కీలు ఇవ్వకపోతే అసలు నడవదు, ఏ కమాండ్ కొట్టాలో కూడా చెబుతుంది. ఇంత చెప్పాక కూడా ఖాళీని పక్కవాడి కీతో నింపుకుంటే అది ఉచ్చు కాదు, బద్ధకం. ‘రెయిల్స్ సీక్రెట్’ అని కొడితే 128 అక్షరాల కీ తెరమీద పడుతుంది. ఆ మాత్రానికి కంప్యూటర్ సైన్సు పట్టా అవసరం లేదు.

ఈ హెచ్చరికలన్నీ బాగా తలకెక్కించుకున్న అతిజాగ్రత్తపరులు ఇంకో రకం. వీళ్లు కంటెయినర్ లేచినప్పుడల్లా కొత్త కీలు పుట్టేలా స్క్రిప్టు రాసుకుంటారు. దాంతో ప్రతి రీస్టార్ట్‌కూ బ్రౌజర్లలో ఉన్నవాళ్లందరూ లాగౌట్. ఫోన్లకు నోటిఫికేషన్లు బంద్. రెండంచెల లాగిన్ పెట్టుకున్న బుద్ధిమంతులు బయటే, ఎందుకంటే వాళ్ల రహస్యాలను దాచిన కీ ఇప్పుడు లేదు. ఫరవాలేదు, డేటాబేస్ బ్యాకప్ ఉందిగా అంటారు. ఉంది. అందులోని రహస్యాలను విప్పే కీ మాత్రం నిన్న తీసిపారేసిన కంటెయినర్‌తోనే పోయింది.