తుప్పుకు ఊపిరాడలేదు

జనవరిలో లేహ్ ప్రయాణానికి హ్యాండ్ వార్మర్ కొనడంలో నేను చూపిన తెలివి ఇంతా అంతా కాదు. విజయవాడలో పుట్టి పెరిగి, మంకీ క్యాప్‌కి లొంగని చలి ఎరగనివాణ్ణి. డబ్బా మీద ఏ అంకె పెద్దదైతే అదే గొప్పదనుకున్నాను.

మొదట జెల్ సంచీ నచ్చింది. లోపలి రేకు బిళ్ల నొక్కితే సోడియం అసిటేట్ ద్రావణం తెల్లగా గడ్డకడుతూ 54 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. దుకాణంలోనే నొక్కి మురిసిపోయాను. మళ్లీ వాడాలంటే మరిగే నీళ్లలో వేయాలన్నారు. మంచులో పొయ్యి ఎక్కడ వెతుకుతాం? వదిలేశాను. మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

తర్వాత పవర్ బ్యాంకుగానూ పనికొచ్చే బ్యాటరీ వార్మర్ కొని, భద్రంగా ఉంటుందని సూట్‌కేసులో స్వెటర్ల మధ్య దాచాను. లిథియం పవర్ బ్యాంకులు విమానంలో చేతి సామానులోనే ఉండాలి. ఎయిర్‌పోర్టులో నన్ను పిలిపించి, సూట్‌కేసు విప్పించారు. నా బనియన్లన్నీ లోకానికి దర్శనమిచ్చాయి. ఆ సిగ్గులో వార్మర్‌ని బల్ల మీదే మరిచిపోయి విమానమెక్కాను.

ఇక మిగిలినవి దాంతోపాటు కొన్న పొడి పొట్లాలు. వాటిలో ఉండేది ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు పొడి, కాస్త తేమ. కవరు చింపగానే గాలిలోని ఆక్సిజన్ తగిలి ఇనుము తుప్పు పడుతుంది. ఆ తుప్పులోంచి పుట్టేదే వేడి. మా ఇంటి గేటు ఏళ్ల తరబడి చేసే పనిని ఈ పొట్లం కొన్ని గంటల్లో చేసేస్తుందన్నమాట. ఇదంతా డబ్బా మీద రాసే ఉంది. నేను చదివింది మాత్రం ‘పది గంటలు’ అన్న ముక్క ఒక్కటే.

లేహ్‌లో దిగాక, వేడి బయటికి పోకుండా పొట్లాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, బిగుతు గ్లౌజులో దూర్చాను. చల్లారిపోయింది. ఇంకోటి చింపి, ఈసారి కవరు ఇంకా గట్టిగా చుట్టాను. ఆ ఊరు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టం దగ్గర దొరికే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అక్కడ అందుతుంది. రెండు మెట్లెక్కితే నాకే ఆయాసం వస్తోంది, పొట్లానికి రాదనుకున్నాను!

నకిలీ సరుకు అంటగట్టాడని దుకాణదారుణ్ణి తిడుతుంటే, మా ఆవిడ కవరు ఊడదీసి, పొట్లాన్ని బాగా కుదిపి కోటు జేబులో వేసుకుంది. కాసేపటికి వెచ్చబడింది. “దానికి మాత్రం ఊపిరాడొద్దాండీ?” అంది. ఆవిడ చదివింది చరిత్ర, నేను కెమిస్ట్రీ. కాశ్మీరీలు ఫెరన్ అనే వదులు అంగీ కింద పట్టుకు తిరిగే నిప్పుల కుంపటి కాంగ్రీకి కూడా మూతి తెరిచే ఉంటుంది. ఫొటోల్లో ఎన్నిసార్లు చూశానో!

మీరు కొంటే పొడి పొట్లాలే కొనండి, వదులు గ్లౌజులతో సహా. చర్మానికి నేరుగా తగలనివ్వకండి, కాలుతుంది. చింపనివి నా దగ్గర చాలా మిగిలాయి. కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి, బెజవాడలో వాటితో పనిలేదు.