రెండేళ్లు ఓపిక పట్టండి

జూన్‌లో బడులు తెరిచే ముందు, శామీర్‌పేట నుంచి తుర్కపల్లి దాకా రాజీవ్ రహదారి పక్కనున్న ప్రైవేటు బడుల్లో ఎల్‌కేజీ తల్లిదండ్రులకు ఓరియంటేషన్ పెడతారు. మా పాపను చేర్పించిన బడిలోనూ పెట్టారు. చాలావరకు పనికొచ్చే మాటలే చెప్పారు. మొదటి వారం పిల్లలు ఏడుస్తారు, గేటు దగ్గర నిలబడి తొంగిచూడకండి. టిఫిన్ డబ్బాలో చిప్స్ పెట్టకండి. నీళ్ల సీసా మీద పేరు రాయండి. ఐడీ కార్డు లేకుండా వస్తే సొంత మేనమామకైనా పిల్లను అప్పగించం. ఈ ఆఖరు మాటకు నాకు ఎంతో ధైర్యం కలిగింది.

అన్నీ అయ్యాక మేడమ్ మైకు దగ్గరకు జరిగి, "ఈరోజు నుంచి ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి. తెలుగు ఎక్కడికి పోతుంది, అదే వస్తుంది" అన్నారు.

హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు. మా కింది పోర్షన్‌లో అద్దెకుండే తమ్ముడూ అంతే. అతను చెయ్యెత్తాడు.

"మేడమ్, మా అమ్మ ఈ మధ్యనే మా దగ్గరికొచ్చింది. ఆమెకు ఇంగ్లిష్ రాదు. ఆమె ఏం మాట్లాడాలె?"

మేడమ్ ఎంతో మర్యాదగా, "రెండేళ్లు ఓపిక పట్టమనండి సార్. బాబు ముందు మాట్లాడకుంటే చాలు" అన్నారు. అతను చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

అతని భయం నాకు తెలుసు. పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి, మొదటి ఇంటర్వ్యూలో జవాబు తెలిసీ నోరు పెగలక బయటికొచ్చిన మనిషి. ఆ బాధ కొడుక్కి రాకూడదనుకోవడంలో తప్పేం లేదు. ఆ బాధకు చెప్పిన మందే తప్పు. చిన్న పిల్లలకు చదువు తల్లిభాషలో మొదలవ్వాలని యునెస్కో 1953లోనే చెప్పింది. కనీసం అయిదో తరగతి దాకా, వీలైనచోటల్లా ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. తెలంగాణలో ఏ బడైనా తెలుగు నేర్పి తీరాలని 2018లో చట్టమే వచ్చింది. ఆ హాల్లో వీటిలో ఒక్కటీ వినపడలేదు. ఇంట్లో పెద్దవాళ్లతో వాదించి, అలిగి, కథ మధ్యలో "తర్వాతేమైంది" అని వంద ప్రశ్నలు వేసే పిల్లలకు మాట కుదురుకుంటుంది. ఒక భాషలో కుదిరిన మాట రెండో భాషకూ ఆసరా అవుతుంది. ఇంగ్లిష్ నేర్పడానికి ఇంట్లో ఒకరి నోరు కట్టేయాల్సిన పని లేదు.

ఇక ఆ బాబు నానమ్మ గురించి. ఆమెది సిద్దిపేట జిల్లాలో మల్లన్నసాగర్ కింద మునిగిన ఊళ్లలో ఒకటి. గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీలో కొన్నాళ్లు ఉండి, భర్త పోయాక ఆ మే నెలలోనే కొడుకు దగ్గరికి వచ్చింది. ఎండ తగ్గాక రోజూ సాయంత్రం మెట్ల మీద కూర్చుని మనవడికి ఆ ఊరు చెప్పేది. ఏ బావిలో నీళ్లు తియ్యన, ఏ చింతచెట్టు కింద ఎవరు పంచాయితీ చెప్పేవారు, బతుకమ్మను ఏ దారిన చెరువుకు తీసుకుపోయేవారు. ఇప్పుడు వెళ్లి చూద్దామన్నా లేని ఊరది. మా పాప కూడా నోరు తెరుచుకుని వినేది.

ఓరియంటేషన్ మర్నాటి నుంచి ఆ మాటలు ఆగిపోయాయి. కొడుకు చెప్పింది ఒక్కసారే. మిగతాదంతా ఆమే పట్టుదలగా పాటించింది. మనవడు బడి నుంచి రాగానే నవ్వుతూ చేతులు చాచేది, కంచం చూపించేది, బూట్లు విప్పమని సైగ చేసేది. వాడు పడితే పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేదిగానీ "అయ్యో" అనేది కాదు. వాడు బడిలో ఉన్నప్పుడు మాత్రం నాతో తనివితీరా మాట్లాడేది.

"ఎందుకమ్మా అంత కట్టడి? రెండు మాటలు మాట్లాడితే ఏమైతది?" అని అడిగాను.

"నా మాటతోని పిల్లగాని సదువు ఖరాబైతే ఎట్ల బిడ్డా? వాని నాయిన పడ్డ గోస వానికి రావద్దు. రెండేండ్లే గద."

కొడుకుతో కూడా చెప్పి చూశాను. "యూకేజీ అయిపోనీ అక్కా" అన్నాడు. అప్పటికే ఎనిమిది నెలలైంది. నాలుగేళ్ల పిల్లవాడికి ఎనిమిది నెలలంటే బతికిన కాలంలో ఆరో వంతు.

ఫిబ్రవరిలో బడివాళ్లు షో అండ్ టెల్ పెట్టారు. పిల్లలు ఇంటి నుంచి ఒక ఫోటో తెచ్చి, దాని గురించి ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు సొంతంగా చెప్పాలి. అవ్వా తాతలను కూడా తీసుకురమ్మన్నారు. నానమ్మ పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టుకుంది. ముందు వరసలో నా పక్కనే కూర్చుంది. మా పాప శామీర్‌పేట జింకల పార్కు ఫోటో చూపించి, రెండో వాక్యం మరిచిపోయి, కిందికి దిగి వచ్చేసింది.

తర్వాత బాబు వచ్చాడు. రెండు చేతులతో ఫోటో పైకెత్తి, ఎక్కడా తడబడకుండా చెప్పాడు.

"దిస్ ఈజ్ మై నానమ్మ. షీ లవ్స్ మీ. షీ కెనాట్ టాక్."

మేడమ్ "వెరీ గుడ్" అన్నారు. హాలంతా చప్పట్లు. మనవడు తన ఫోటో పట్టుకుని మాట్లాడాడని నానమ్మ అందరికంటే ఎక్కువసేపు కొట్టింది. వాడికి వినపడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నా చెవి దగ్గరకు వంగింది.

"ఏమన్నడు బిడ్డా, నా గురించి?"