ముందు నన్ను మార్చి చూడండి: ఒక హార్డ్‌డిస్క్ ఆత్మకథ

నేను ల్యాప్‌టాప్‌లో ఉండే రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్క్‌ని. మా వంశానికి మూలపురుషుడు 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్. ఒక్కొక్కటి 24 అంగుళాల పళ్లేలు 50 ఉన్నా ఆయన దాచగలిగింది 50 లక్షల అక్షరాలే. నేను అరచేతిలో ఇమిడిపోతూ ఒక టెరాబైట్, అంటే లక్ష కోట్ల అక్షరాలు దాస్తాను. ఇంత గొప్ప చెప్పుకున్నాక కూడా నా వాదన నాకే వ్యతిరేకం: పాత ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంటే దాన్ని పారేసే ముందు నన్ను తీసి ఎస్ఎస్‌డీ (సాలిడ్ స్టేట్ డ్రైవ్) పెట్టి చూడండి.

ఆ ఆలస్యంలో పెద్ద వాటా చాలాసార్లు నాదే. నా పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. వినడానికి వేగమే, లెక్కేస్తే ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం దాన్ని చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. అంతకుముందు హెడ్ సరైన వరుసకు జరగడానికి మరో పది మిల్లీసెకన్లో, ఇంకాస్తో. అందుకే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద చొప్పున అందించడం కూడా నాకు గగనమే. కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు అడిగేవి అలాంటివే, అదీ వేలల్లో. సెకనుకు వంద కోట్లకు పైగా లెక్కలు చేసే ప్రాసెసర్ అంతసేపూ నా కోసం కాచుక్కూర్చుంటుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. మిల్లీసెకనులో పదో వంతులో చదివి ఇచ్చేస్తుంది. పైగా సాటా రకం తెస్తే నా కనెక్టర్‌కే, నా చోటులోనే అమరుతుంది.

ఎస్ఎస్‌డీలో ఇన్నిసార్లే రాయగలమన్న పరిమితి ఉంది కదా అంటారు. నిజమే, కానీ రాతల భారాన్ని దానిలోని కంట్రోలర్ మెమరీ చిప్‌లన్నిటికీ సమంగా పంచుతుంది కాబట్టి ఇల్లు, ఆఫీసు పనులతో ఆ హద్దు చేరడానికి ఏళ్లు పడుతుంది. చెడిపోయే ముందు నేనైతే టక్‌టక్‌మని హెచ్చరిస్తానని, అది చడీచప్పుడు లేకుండా పోతుందని మరో మాట. నా హెచ్చరిక కూడా ప్రతిసారీ రాదు. పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలే నా హెడ్‌కు ఒక్క కుదుపు చాలు. అందుకే ఎవరిని నమ్ముకున్నా బ్యాకప్ తప్పదు. ర్యామ్ చాలకపోయినా, ప్రాసెసర్ మరీ బలహీనమైనా నన్ను మార్చి ప్రయోజనం తక్కువ. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీని మదర్‌బోర్డుకే అతికించేస్తారు. అక్కడ మార్చే వీలే లేదు.

తీసేశాక నేను పనికిరానిదాన్నైపోను. ఒక్కో జీబీ ఖర్చులో నేనే చవక. యూఎస్‌బీ కేసులో పెడితే ఫొటోల బ్యాకప్‌కు ఉంటాను. పాత సామాన్లవాడికి ఇచ్చేటట్లయితే మాత్రం నా మీదున్న సమాచారమంతా చెరిగేలా మొదటి నుంచి చివరిదాకా తిరగరాయించండి. డిలీట్ చేస్తే పోయేది చిరునామాయే, సమాచారం నాలోనే మిగులుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌కు డబ్బు కట్టే ముందు టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ వాడకం అస్తమానం 100 శాతం దగ్గరుండి, ర్యామ్‌లో ఖాళీ ఉండి, ప్రాసెసర్ తీరుబడిగా కనిపిస్తే, మార్చాల్సింది నన్నే.