బావగారి ఆయుధసామగ్రి

మారుతి 800 కారు బరువు సుమారు 650 కిలోలు. దానిని ఇంటివద్దనే బాగుచేసికొనుటకై విజయవాడ సత్యనారాయణపురమున నివసించు మా పెద్దబావగారు సమకూర్చుకొన్న పనిముట్ల బరువును ఇంతవరకు తూచి చూచినవారు లేరు గాని, చూచినచో కారు కొంత చిన్నబుచ్చుకొనుననియే నా అనుమానము. ఆయన జిల్లా ఖజానా కార్యాలయమున లెక్కలు చూచి ఉద్యోగవిరమణ చేసినవారు. ఒక జీవితకాలము ఇతరుల బిల్లులకు ఆక్షేపణలు వ్రాసిన ఆ బుద్ధి, ఆక్షేపించుటకు ఇక బిల్లులు దొరకక, కడకు కారు క్రింది భాగము మీద పడినది. ఇట్టివారు పేటకొకరుందురు. పాఠకులకును ఒక బావగారో, బాబాయిగారో, ఎదురింటి పెద్దమనిషియో ఉండియే యుందురు కనుక ఎక్కువ పరిచయము అక్కరలేదు.

అన్నిటికిని మూలము ఒక చప్పుడు. స్పీడుబ్రేకరు దాటినప్పుడెల్ల ముందు ఎడమచక్రము దగ్గర టక్కుమని వినవచ్చు చప్పుడు. మరియొకరైనచో తెల్లవారగనే బండిని ఆటోనగర్‌కు తోలుకొనిపోయి, షాకబ్జర్లు మార్పించుకొని, మధ్యాహ్నభోజనము వేళకు ఇల్లు చేరుదురు. లారీలకు బాడీలు కట్టుటలో పేరుమోసిన ఆ పేట తమ యింటికి ఆమడదూరమైనను లేకపోవుట బావగారి దృష్టిలో సౌకర్యము కాదు, ప్రలోభము. “వాడడిగే మజూరీకి పనిముట్లే వస్తాయోయ్, జన్మంతా పడి ఉంటాయి” అన్నది ఆయన వాదము. ఆ పనిముట్ల వెల మజూరీని దాటి, దానికి రెట్టింపై, అటుపైని కూడ ఆగక సాగిపోవుచుండగా మా అక్కయ్య ఒకనాడు లెక్క అడిగినది. “మజూరీ రెవెన్యూ వ్యయం, పానాలు మూలధన వ్యయం. రెండూ ఒకే పద్దులో ఎలా వేస్తావే?” అనిరి బావగారు. “ఏ పద్దులో వేసినా పోయింది నా పోపులపెట్టెలో డబ్బే గదండీ” అని అక్కయ్య. ఖజానాలో ఆయనకు ఇంతటి ఆక్షేపణ ఎన్నడును తగిలియుండదు.

మొదట ఆయనకు పానాలు లేకపోలేదు. వారి తండ్రిగారి అంబాసిడరు కాలమునాటి పానాల కట్ట ఒకటి, గోనెగుడ్డలో చుట్టి, అటకమీద వారసత్వముగా ఉన్నది. అయితే అంబాసిడరు ఇంగ్లీషు మోరిస్ సంతతిది గనుక దాని నట్లు అంగుళపు కొలతలవి. మారుతి జపాను సంతతిది గనుక మిల్లీమీటర్లవి. అర్ధాంగుళపు పానా 12 నట్టుమీద వదులై అంచులు అరగదీయును, 13 నట్టుమీద అసలు ఎక్కదు. ముప్పాతిక అంగుళపుది మాత్రము 19 నట్టుకు, రెండు జాతులకును నడుమ రాయబారివలె, అతికినట్లు సరిపోవును. ఈ ఒక్క పొంతనను ఆధారము చేసికొని బావగారు మిగిలిన పానాలను కూడ వదలిపెట్టక, క్రొత్తగా మిల్లీమీటర్ల రింగుపానాలు ఒక వరుస, సాకెట్లు ఒక పెట్టె, టి-పానాలు కొన్ని కొని, పాతవానిని క్రొత్తవాని ప్రక్కనే వరుసగా తగిలించిరి. ఏటేట దసరాకు ఇంద్రకీలాద్రిమీది ఉత్సవములు చూచివచ్చినంత శ్రద్ధతో ఆయుధపూజ చేయుదురు. నేను దగ్గరనుండి చూచినాను: 17 నంబరు రింగుపానా నోటిలో, పోయిన యేటి కుంకుమ ఎండి, పంటిపంటి సందునను నిలిచియున్నది, గ్రీజు మరక మాత్రము మచ్చునకైనను లేదు. ఆటోనగర్ పానాలకు ఈ సంగతి తలక్రిందులుగా నుండును.

అన్నిటికన్న ఆయనకు ప్రియమైనది టార్క్ రెంచి. నట్టు ఎంత బిగువుండవలెనో ఆ అంకెకు పిడిని త్రిప్పిపెట్టినచో, అంత బిగువు రాగానే అది టిక్కుమని చెప్పును. ఆ టిక్కు వినుటలో ఒకానొక సుఖమున్న మాట వాస్తవమే. ఆయన నిద్రించువేళ నేనును పెట్టె తెరచి, వరండా కటకటాల బోల్టుమీద దానిని ఒకటి రెండుమార్లు ప్రయోగించి విన్నవాడనే. వాడిన పిమ్మట పిడిని మరల క్రిందిఅంకెకు దించి దాచవలెననియు, లేనిచో లోపలి స్ప్రింగు అలసిపోయి అబద్ధమాడుననియు నాకు నేర్పినవారు ఆయనయే.

డల్లాసులోనున్న మా మేనల్లుడు, తండ్రి అభిరుచి యెరిగినవాడు కనుక, వచ్చుచు వచ్చుచు కరెంటుతో నట్లు విప్పు యంత్రమొకటి తెచ్చెను. అది అక్కడి 120 వోల్టులకు పుట్టినది. ఇక్కడి 230కి తగిలించినచో నట్టుకన్న ముందు అదియే విడిపోవును. దానికొక ట్రాన్స్‌ఫార్మరు కొనబడెను. ఆ ట్రాన్స్‌ఫార్మరు నుంచుటకు బల్ల కొనబడెను. అమెరికాలో విడిభాగముల అంగళ్లవారు స్ప్రింగును అణచు పనిముట్టు మొదలైనవానిని ధరావతు పుచ్చుకొని ఎరువిత్తురనియు, తిరిగి యిచ్చినప్పుడు ఆ సొమ్ము వాపసు చేయుదురనియు అబ్బాయి చెప్పగా, బావగారు కొంతసేపు పలుకక, “మరి ఇంట్లో ఏం మిగిలినట్టురా?” అని అడిగిరి.

కడకు ఒక ఆదివారము పని ఆరంభమైనది. నా పాత్ర ఎన్నడును ఒకటే: టార్చి పట్టుట. ఇది పైకి కనబడునంత అల్పమైన ఉద్యోగము కాదు. “ఇటు చూపవోయ్... అటు కాదు, ఇటు... నా కంట్లోకి కాదయ్యా!” అను మూడు వాక్యములలో దాని విధినియమములన్నియు ఇమిడియున్నవి. నట్టు జారినను, పానా చేతినుండి పడినను, మోచేయి గీరుకొన్నను తప్పు దీపముదే, అనగా నాదే. నుదుటికి కట్టుకొను దీపమొకటి ఆయనయొద్ద లేకపోలేదు. దాని బ్యాటరీలు ఖర్చగునని వాడరు. బావమరదికి బ్యాటరీలుండవు.

ఇక్కడ మాత్రము నేను ఆయనను వెక్కిరింపజాలను. జాకీమీద నిలిచిన కారు క్రింద ఆయన తలగాని చేయిగాని ఎన్నడును పెట్టలేదు, మమ్ము పెట్టనీయలేదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదనియు, నూనె సీలు ఒకటి తెగినచో బండి తటాలున దిగుననియు చెప్పి, వెనుకచక్రములకు ఇటుకలు అడ్డుపెట్టి, ముందు భాగమును ఇనుపస్టాండ్లమీద దించి, ఒకసారి బలముగా కుదిపి చూచిన పిమ్మటనే చక్రమూడదీసిరి. ఎందరో కుర్రవాండ్రు రోడ్డుప్రక్కన వట్టి జాకీని నమ్మి దూరుచుండుట చూచినప్పుడెల్ల నాకు ఈ చాదస్తము మీద గౌరవము కలుగును.

స్ప్రింగు ఘట్టము మరింత గంభీరమైనది. మారుతి ముందుచక్రమునకు షాకబ్జరును, దానిచుట్టు స్ప్రింగును ఒకే కంబముగా అమర్చియుందురు. ఈ ఏర్పాటు మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరుదనియు, 1950లో ఇంగ్లండు ఫోర్డు కంపెనీ కాన్సల్ అను కారులో వచ్చినదనియు బావగారు పని నడుమ ఉపన్యసింపగా, అక్కయ్య తెచ్చిన కాఫీ చల్లారిపోయినది. కంబమును విప్పవలెనన్న ముందు స్ప్రింగును అణచవలెను. అణచకుండ పైనట్టు విప్పినచో అది తుపాకిగుండై లేచును. కొక్కెములుగల రెండు మరకడ్డీలను స్ప్రింగునకు ఎదురెదురుగా తగిలించి, దీనిని కొన్ని చుట్లు, దానిని కొన్ని చుట్లు, ఒకవైపు మొగ్గకుండ బిగించుచు పోవలెను. ఈ పనికి కరెంటుయంత్రమును ఆయన ముట్టలేదు. తలకు స్కూటరు హెల్మెట్టు, మేన బనీను, మోకాళ్లక్రింద అక్కయ్య పాత దుప్పటి. వీధిలోని పిల్లలను ఇండ్లలోనికి తోలి, నన్ను కూడ స్తంభము వెనుక నిలిపి, “దీపం అక్కడినుంచే చూపు” అనిరి. టార్చి విషయమున ఆయన నన్ను క్షమించిన సందర్భము అదియొక్కటే.

అణగినది, పైనట్టు మాత్రము విడదు. నట్టును త్రిప్పినకొలది దానితోపాటు లోపలి కడ్డీయు తిరుగుచున్నది. కడ్డీకొనను వేరొక పనిముట్టుతో కదలకుండ పట్టి, నట్టును మాత్రమే త్రిప్పవలెను. అంత సామగ్రిలోను ఆ పట్టుకొను పనిముట్టు ఒకటే లేదు. ఇతరులకు ఇది విఘ్నము. బావగారి ముఖమున మాత్రము వన్‌టౌన్ ఇనుపసామానుల అంగళ్ల వెలుగు అప్పుడే కనబడినది. ఆ మధ్యకాలమున కారు స్టాండ్లమీదనే యుండుటవలన అక్కయ్య ఒక పెండ్లికి ఆటోలో వెళ్లవలసివచ్చెను. విప్పిన నట్లను ఏ చక్రమువి ఆ వరుసలో ఉంచుటకై ఇడ్లీరేకులు తీసికొనుటచేత ఇంట కొన్నాళ్లు ఉప్మాయే ఫలాహారమయ్యెను.

అయినను పని పూర్తి చేసిరి, చక్కగా చేసిరి. క్రింది చేతికి రబ్బరు బుష్షులున్నచోట బోల్టులను చక్రములు నేలకు దిగిన పిమ్మటనే కడపటి బిగువు బిగింపవలెననియు, గాలిలో వ్రేలాడునప్పుడు బిగించినచో బండి దిగగానే రబ్బరు మెలిపడి త్వరలో చీలుననియు ఎరిగినవారు ఎందరు? టక్కుమను చప్పుడు పోయినది. దానికి బదులు బండి ఎడమకు లాగుచున్నది.

కంబము విప్పి మరల బిగించిన పిమ్మట చక్రముల వాలును, దిశయును సరిచూడవలసియే యుండును. ఆ పని ఇంటిలో కాదు. కనుక ఇన్నాళ్ల దీక్ష పిమ్మట బావగారును, ఒడిలో టార్క్ రెంచి పెట్టెతో నేనును ఆటోనగర్‌కే పోయితిమి. అక్కడి కుర్రవాడు, ఇరువదియేండ్లైనను నిండనివాడు, అలైన్‌మెంటు సరిచేసి, చక్రములు మార్చి వేసి, మాసిన గొట్టపుపానాతో నట్లను బిగించి, చివర మణికట్టుతో ఒక చిన్న విదిలింపు విదిల్చి, “అయింది సార్” అనెను.

“ఎంత బిగించావు?” అనిరి బావగారు.

“సరిపడా సార్.”

సరిపడా అను అంకె ఆయన పుస్తకమున లేదు. పెట్టె తెరచి, రెంచి తీసి, కంపెనీవారు చెప్పిన అంకెకు పిడి త్రిప్పి, మొదటి నట్టుమీద వేసిరి. నట్టు వెంట్రుకవాసి కదలి టిక్కుమన్నది. రెండవదియు అంతే. అన్ని చక్రముల నట్లును అట్లే, ఒకదానికొకటి తీసిపోక, వెంట్రుకవాసి కదలుటయు టిక్కుమనుటయు. కుర్రవాడు చేతులు గుడ్డతో తుడుచుకొనుచు నిలిచి చూచుచుండెను. బావగారు లేచి, రెంచిని రెండుచేతులతో పట్టుకొని, నావైపు తిరిగి, “చూశావుటోయ్! కొని ఇన్నేళ్లయినా మన రెంచి వీసమెత్తు తప్పలేదు!” అనిరి.