సైగల గుట్టు

మ్యాచ్ మొదలయ్యే ముందు మన క్రికెటర్లు భుజాల మీద చేతులేసుకుని, గుండ్రంగా నిలబడి, తలలు దగ్గర పెడతారే, దాన్ని టీవీ వ్యాఖ్యాతలు హడిల్ అంటారు. గచ్చిబౌలి ఆఫీసుల్లో పొద్దున్నే టీమంతటినీ ఓ మూల నిలబెట్టి మేనేజరు మాట్లాడేదీ హడిలే. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు తలలూపుతారు. పక్క టీమువాళ్లు విన్నా కొంప మునిగే మాట అందులో ఒక్కటీ ఉండదు.

ఈ పద్ధతి పుట్టింది మాత్రం నిజంగా దాచుకోవాల్సిన మాట ఉండబట్టే.

వాషింగ్టన్‌లో బధిరుల కోసం గాలొడెట్ అనే విశ్వవిద్యాలయం ఉంది. డిగ్రీలు ఇచ్చే అధికారం దానికి దక్కింది 1864లో. ఆ చట్టం మీద సంతకం పెట్టింది అబ్రహాం లింకన్. 1890లలో అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు పాల్ హబ్బర్డ్ అనే విద్యార్థి క్వార్టర్‌బ్యాక్. అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్‌లా ఏకబిగిన సాగదు. కాసేపు కుమ్ములాట, ఆగడం, మళ్లీ కుమ్ములాట. ఆగిన ప్రతిసారీ తర్వాతి ఎత్తు ఏమిటో క్వార్టర్‌బ్యాక్ తనవాళ్లకు చెప్పాలి. హబ్బర్డ్ చేతులతో చెప్పేవాడు.

వినికిడి ఉన్న జట్లతో ఆడినప్పుడు బెంగే లేదు. ప్రత్యర్థి కళ్లెదుటే వ్యూహమంతా చెప్పేసినా వాళ్లకు ముక్క అర్థమయ్యేది కాదు. చిక్కల్లా ఇంకో బధిరుల జట్టు ఎదురైతేనే. గోడలకు చెవులుంటాయని అందరూ భయపడతారు. హబ్బర్డ్‌కు భయం కళ్లతో. మైదానం ఆ చివర నిలబడ్డవాడు కూడా అతని చేతుల్ని పుస్తకంలా చదివేస్తాడు. అందుకని తనవాళ్లను చుట్టూ నిలబెట్టుకుని, వాళ్ల వీపుల్ని తడికగా చేసుకుని, మధ్యలో సైగ చేశాడు. 1894 నాటి మాటని చెబుతారు. ఈ ఘనతకు వేరే హక్కుదారులూ లేకపోలేదు గానీ, కారణం ఇంత తేటగా కనిపించే కథ మాత్రం హబ్బర్డ్‌దే.

ఆ రోజుల్లో సైగభాషకు ఉన్న మర్యాద కూడా చెప్పుకోవాలి. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ, బడుల్లో సైగలు మాన్పించి నోటి మాటే నేర్పాలని తీర్మానించింది. ఓటేసిన వాళ్లు దాదాపు అందరూ చెవులు వినిపించే పెద్దమనుషులే. సైగలనేవి గతిలేనివాళ్ల సరుకని వాళ్ల లెక్క. ఆ తీర్మానానికి విచారం తెలపడానికి ఆ మహాసభకు 2010 దాకా పట్టింది.

హబ్బర్డ్ వలయం మాత్రం ఎవరి తీర్మానం కోసమూ ఆగలేదు. 1920లలో వినికిడి ఉన్న కాలేజీలూ దాన్ని పట్టుకున్నాయి. ఆ తర్వాత, చెవులున్న ఆ జట్లే దాన్ని వదిలేయడం మొదలుపెట్టాయి. గుమిగూడితే ఆలస్యం, ప్రత్యర్థికి ఊపిరి తీసుకునే వ్యవధి. పోనీ గట్టిగా అరిచి చెబుదామా అంటే, మిషిగన్ లాంటి విశ్వవిద్యాలయాల స్టేడియాల్లో లక్షకు పైగా జనం. ఆ హోరులో ఎంత మంచి చెవైనా ఒకటే. గట్టు మీది కోచ్‌లు, సహాయకులు ఇక చేతులు ఊపడం మొదలుపెట్టారు. సైగలే! వాటిని అవతలివాళ్లు చదివేస్తున్నారని అనుమానమొచ్చి, సైగ చేసేవాడి ముందు దుప్పట్లూ బోర్డులూ అడ్డం పట్టుకుని నిలబడటమూ మొదలైంది.

2023 అక్టోబరులో గుట్టు రట్టయింది. మిషిగన్ జట్టు సిబ్బందిలో ఒకతను, ముందు ముందు తలపడబోయే జట్ల ఆటలకు టికెట్లు కొని, మనుషుల్ని పంపి, అక్కడి సైగలను వీడియో తీయించాడని ఆరోపణ. ఎదురుగా ఆడుతున్నప్పుడు చదివితే తప్పు కాదు. ముందుగా వెళ్లి చూసి రావడం 1994 నుంచే నిషేధం. హెడ్ కోచ్ జిమ్ హార్బాను మూడు ఆటలకు పక్కన పెట్టారు. ఆ మూడూ జట్టు గెలిచింది, జనవరిలో జాతీయ ఛాంపియన్‌షిప్ కూడా.

ఆ గొడవ పేపర్లకెక్కడానికి రెండు వారాల లోపే, అదే అక్టోబరు 7న, గాలొడెట్ వాళ్లు హిల్బర్ట్ కాలేజీతో ఆడారు. క్వార్టర్‌బ్యాక్ తలకు ఏటీ అండ్ టీ కంపెనీతో కలిసి తయారుచేసిన కొత్త హెల్మెట్. కోచ్ గట్టు మీద నిలబడి ట్యాబ్లెట్‌ను తాకితే, ఎత్తు పేరు హెల్మెట్లోని చిన్న లెన్స్ మీద కుర్రాడి కంటి ముందు కనిపిస్తుంది. గాలొడెట్ గెలిచింది. గట్టు మీద చూసి దొంగిలిద్దామని ఎవరైనా కెమెరా పట్టుకొచ్చినా, పాపం, ఆ బధిరుల కోచ్ చెయ్యి ఎత్తితే కదా!